అరవై సంతకాలు

వార్డుకు నాలుగు కమిటీలు వేయాలి. యువతది ఒకటి, మహిళలది ఒకటి, పెద్ద వయసువాళ్లది ఒకటి, ఊళ్లో పేరున్న పౌరులది ఒకటి. కమిటీకి 15 మంది చొప్పున మొత్తం 60 మంది. 2019లో వచ్చిన తెలంగాణ మున్సిపాలిటీల చట్టం చెప్పిన మాట ఇది. కౌన్సిలర్‌గా గెలిచిన కొత్తలో ఆ కాగితాలు నా దగ్గరికి వచ్చాయి. 60 పేర్లనూ ఒక్క సాయంత్రంలో, ఇంట్లో కూర్చుని నింపేశాను. తెలిసినవాళ్లకు ఫోన్ చేశాను. వాళ్లు చెప్పిన పేర్లు రాసుకున్నాను. మర్నాడు మా వార్డు కుర్రాడొకడు ఇల్లిల్లూ తిరిగి సంతకాలు తెచ్చాడు. దేనికి సంతకం పెడుతున్నారో చాలామందికి అతను చెప్పలేదు. చెప్పమని నేనూ అనలేదు.

ఆ ఏడాది నేను చేసిన తప్పులన్నీ ఆ సాయంత్రం నుంచే మొదలయ్యాయని ఇప్పుడు తెలుస్తోంది. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఊరు మొదటి నుంచీ పట్టణం కాదు. 2018 ఆగస్టులో రాష్ట్రంలో 68 కొత్త మున్సిపాలిటీలు ఏర్పడ్డాయి. అందులో మాదీ ఒకటి. ఒక పెద్ద పంచాయతీకి చుట్టుపక్కల పల్లెలు కలిపారు. మా వార్డు అలా కలిసిన పల్లెలో సగం. బోర్డు మారింది, ఆఫీసుకు కమిషనర్ వచ్చారు. భూముల ధరలు పెరిగాయని సంతోషించినవాళ్లున్నారు. కానీ రెండు పోయాయి. మొదటిది ఉపాధి హామీ పని. ఉపాధి హామీ చట్టం గ్రామీణ ప్రాంతాలకే వర్తించేది కాబట్టి, పల్లె మున్సిపాలిటీలో కలిసిన తరువాత జాబ్ కార్డు ఉన్నా పనికిరాకుండా పోయింది. ఎండాకాలంలో ఆ కూలి డబ్బుల మీదే గడుపుకొచ్చిన ఆడవాళ్లు మా వార్డులో చాలామంది. రెండోది గ్రామసభ. రచ్చకట్ట దగ్గర సర్పంచిని నిలబెట్టి, మోరీ సంగతి ఏం చేశావని అడిగే హక్కు అది. పట్టణానికి అలాంటి సభ లేదు. 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలనకు అప్పగించదగ్గ 18 అంశాలను పేర్కొంది గానీ, వార్డు కమిటీలు తప్పనిసరి అన్నది మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న చోట మాత్రమే. మా ఊరిలాంటి చిన్న పట్టణాల్లో మనిషి నోరు విప్పే చోటంటూ ఏదీ లేకుండా పోయింది.

2019 చట్టం ఆ లోటునే కొంత పూడ్చింది. చిన్న మున్సిపాలిటీలో కూడా ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉండాలంది. పోయిన గ్రామసభ మరో రూపంలో తిరిగి వచ్చే అవకాశం అది. ఆ అవకాశం నా చేతికి వచ్చింది. నేను దాన్ని ఫారంలా నింపి ఇచ్చేశాను.

ఎందుకలా చేశానని చాలాసార్లు ఆలోచించాను. తొందర ఒక కారణం. 2020 జనవరి 22న పోలింగ్, 25న ఫలితాలు, 27న ప్రమాణం. ఫిబ్రవరి 24 నుంచి మార్చి 4 దాకా పట్టణ ప్రగతి కార్యక్రమం. ఆ పది రోజులూ పొద్దున్నే వార్డులో ఉండాలి, సాయంత్రానికి చేసిన పని లెక్క చెప్పాలి. ముళ్లపొదలు కొట్టించాం, పాడుబడ్డ బావులు పూడ్పించాం, వంగిన కరెంటు స్తంభాలు మార్పించాం. మంచి పనులే అవి, వాటి గురించి నాకు ఏ చింతా లేదు. కానీ అసలు కారణం తొందర కాదు. నేను ముప్పై ఏళ్లు బడిలో పాఠం చెప్పిన మనిషిని. చెప్పడం నా అలవాటు. వార్డులో సగం మంది నా దగ్గర చదివినవాళ్లు, లేదా వాళ్ల పిల్లలు చదివారు. వీళ్లకేం కావాలో నాకు తెలుసుననుకున్నాను. అడగడమంటే ఆలస్యం అనుకున్నాను.

మార్చి చివర్లో లాక్‌డౌన్ వచ్చింది. తెల్లరేషన్ కార్డు ఉన్నవాళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ప్రభుత్వం ఇచ్చింది. కార్డు లేనివాళ్ల కోసం ఊళ్లో దాతలు ముందుకొచ్చారు. కూరగాయలు, పప్పు, నూనె సంచుల్లో కట్టి ఇచ్చాం. ఎవరికివ్వాలో జాబితా రాసింది నేను. నా జ్ఞాపకం, నా ఇద్దరు ముగ్గురు మనుషుల జ్ఞాపకం, అంతే. రైస్ మిల్లు వెనక రేకుల గదుల్లో వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన హమాలీ కుటుంబాలున్నాయి. వాళ్లు ఆ జాబితాలో లేరు. మా ఓటర్లు కారని వదిలేయలేదు. వాళ్లు అక్కడ ఉన్నారన్న సంగతే నాకు తెలియదు. పిల్లలకు గంజి నీళ్లు కాచి పోస్తున్నారని ఎవరో చెబితే పరుగెత్తాను. అప్పటికే చాలా రోజులు గడిచిపోయాయి.

ఆ గదుల పక్కనే సైకిల్ షాపు నడిపే ఒక అబ్బాయి ఉన్నాడు. ‘నీకు ముందే తెలుసా?’ అన్నాను.

‘తెలుసు మేడం. మేమే ఇంత అన్నం వండి పెట్టినం రెండు మూడు సార్లు.’

‘మరి నాకెందుకు చెప్పలేదు బాబూ? నువ్వు యూత్ కమిటీలో ఉన్నావు కదా.’

అతను నా ముఖం వంక చూశాడు. ‘నేనా? ఏం కమిటీ మేడం?’

ఆ రోజైనా కళ్లు తెరుచుకోవాల్సింది. సిగ్గుపడ్డాను. సంచులు పంపించాను. ఆ తరువాత మళ్లీ పనిలో పడ్డాను. కమిటీని పిలవలేదు.

వానాకాలం మొదట్లో మొక్కలు నాటే హరితహారం. మున్సిపల్ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికే కేటాయించాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, బతకకపోతే కౌన్సిలర్ పదవికే ముప్పని చట్టంలో ఉంది. అందుకని ప్రతి మొక్కనూ వెళ్లి చూశాను. మొక్కల లెక్క నా దగ్గర ఉండేది. మనుషులు ఏమనుకుంటున్నారన్న లెక్క ఉండేది కాదు.

ఇక రోడ్డు సంగతి. మా వార్డులో ఎగువన పెద్ద గల్లీ, దిగువన పాత పల్లె ఇళ్లు. ఆ పాత ఇళ్ల ముందు నుంచి పోయే రోడ్డు గుంతలు పడి, వాన పడితే బురదయ్యేది. ఎన్నికల్లో నేనిచ్చిన మొదటి మాట ఆ రోడ్డే. కౌన్సిల్ సమావేశంలో పట్టుబట్టి ఎజెండాలో పెట్టించాను. అంచనా తయారైంది. పొడవు, వెడల్పు, మందం. పాత రోడ్డును తవ్వి తీయకుండా దాని మీదే ఆరంగుళాల కాంక్రీటు. తవ్వితే ఖర్చు పెరుగుతుంది, ఉన్న నిధులతో సగం దూరమే వస్తుంది. చివరి ఇంటి దాకా రావాలన్నది నేనే. పక్కన మోరీ తరువాతి విడతలో చూద్దామన్నదీ నేనే. కాంట్రాక్టరు మీదకో ఇంజనీర్ మీదకో నెట్టడానికి లేదు. వాళ్లు నన్ను అడిగారు, నేను చెప్పాను.

పని మొదలైన రోజు దిగువ గల్లీ నుంచి ఒక అవ్వ వచ్చింది. చేతికర్రతో కొత్తగా పరిచిన కంకర మీద తట్టి చూసింది.

‘టీచరమ్మా, ఈడ ఒర్రె పారేది. మేం కొత్తగ కాపురాలకొచ్చినప్పుడు కుంట నిండితే నీళ్లు గిటే పోయేటివి. గింత ఎత్తు చేస్తే మా ఇండ్లల్లకు రావా?’

‘రావు అవ్వా, ఇంజనీరు చూసిండు’ అన్నాను. ఇంజనీర్ ఆ సంగతి చూడలేదు. ఆయనను ఆ ప్రశ్న అడిగింది లేదు. అవ్వ ఇంకేదో చెప్పబోయింది. ఫోన్ మోగితే తీసుకుని పక్కకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆమె లేదు.

అవ్వ చెప్పింది అక్షరాలా నిజం. పైన ఉన్న కుంట నిండితే అలుగు నీళ్లు పాత ఒర్రె దారిన దిగువ పొలాలకు వెళ్లేవి. ప్లాట్లు పడ్డాక ఆ ఒర్రె కనబడకుండా పోయింది. అయినా నేల పల్లం పోలేదు కదా. పాత మట్టిరోడ్డు ఆ పల్లంలో కాస్త కుంగి ఉండేది, నీళ్లు దాని మీద నుంచి జారిపోయేవి. ఆ కుంగిన చోటే ఇన్నాళ్లూ దిగువ ఇళ్లను కాపాడింది. మేము దాన్ని సమం చేసి, మీద కాంక్రీటు పోసి, నీటికి అడ్డుకట్ట కట్టాం. పాత ఇళ్ల గడపలు రోడ్డు కంటే కిందికి పోయాయి. రోడ్డు చూడటానికి ఎంతో బాగుంది. ఫొటోలు తీసుకున్నాం.

అక్టోబర్ 13న వాన పట్టుకుంది. ఆ వాన రాష్ట్రంలో ఎవరూ మరచిపోరు, హైదరాబాద్‌లో కాలనీలకు కాలనీలు మునిగిన వాన. మా కుంట రాత్రికే అలుగు పారింది. నీళ్లు రోడ్డు దాకా వచ్చి, దాటడానికి దారి లేక వెనక్కి తిరిగి దిగువ గల్లీలోకి పోయాయి. నేను వెళ్లేసరికి మోకాలి లోతు. బియ్యం డ్రమ్ములు తేలుతున్నాయి. ఒకరింట్లో కూతురి టెన్త్ మెమో, కులం సర్టిఫికెట్, పట్టాదారు పాసు పుస్తకం ఒకే ప్లాస్టిక్ కవరులో ఉన్నాయట. ఆ కవరులోకీ నీళ్లు పోయాయి. బతుకమ్మ పండుగకు కొన్న కొత్త బట్టలు బురదలో ఉన్నాయి. నీళ్లు తోడటానికి మున్సిపాలిటీ మోటారు తెప్పించాం, పారిశుధ్య కార్మికులు రెండు రోజులు ఇళ్లకు పోకుండా పని చేశారు. వాళ్ల రుణం తీర్చుకోలేనిది.

నన్ను ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే సులువుగా ఉండేది. అవ్వ తన మంచం ఇటుకల మీదకు ఎత్తించుకుని కూర్చుంది. నన్ను చూసి, ‘నువ్వైతే ఏం జేస్తవు బిడ్డా’ అంది. ఆ మాటతో నా నోరు పెగల్లేదు. కాసేపటికి గల్లీలో నలుగురూ వినేలాగానే చెప్పాను. రోడ్డు ఇంత ఎత్తున వేయమన్నది నేను, మోరీ వద్దన్నది నేను, అవ్వ చెప్పినా వినలేదు అని. చెప్పినందువల్ల ఎవరి బియ్యమూ తిరిగి రాలేదు. అయినా చెప్పాల్సిన మాట అది. మొదటిసారి వాళ్లు నాతో కౌన్సిలర్‌తో మాట్లాడినట్టు మాట్లాడారు. అప్పటిదాకా టీచర్‌తో మాట్లాడేవారు.

ఆ వారంలోనే ఆఫీసుకు వెళ్లి వార్డు కమిటీల ఫైలు అడిగి తీయించాను. 60 సంతకాలు. చదువుతుంటే ఒక్కొక్కటీ గుచ్చుకుంది. ఒకే మనిషి పేరు రెండు కమిటీల్లో ఉంది. అవ్వ పేరు దేనిలోనూ లేదు. దిగువ గల్లీ నుంచి ఒక్కరు కూడా లేరు. మా ఇంటి చుట్టుపక్కల వీధులవాళ్లే సగానికి పైగా. నాకు ఎవరు తెలుసో వాళ్ల పేర్లు రాశాను. వార్డు ఎంత ఉందో అంత రాయలేదు.

దోమల నివారణ కోసం ఆ ఏడాది ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ అని ఒక కార్యక్రమం నడుస్తుండేది. ఎవరింట్లో నిలవనీళ్లు వాళ్లు పారబోసుకోవాలి. ఫైలు చూసిన తరువాత ఒక ఆదివారం ఆ పని అయ్యాక బడి వరండాలోకి రమ్మని నేనే ఇంటింటికీ వెళ్లి చెప్పాను. ఫోన్ చేయలేదు. సైకిల్ షాపు అబ్బాయి వచ్చాడు, అవ్వ వచ్చింది, మాస్కులు కట్టుకుని దూరం దూరంగా కూర్చున్నారు. రోడ్డు గురించి మొదలు పెడతారనుకున్నాను. మొదట అడిగింది ఉపాధి హామీ గురించి. ‘మున్సిపాలిటీల కలుపుమని మేమన్నమా? పని పాయె. పక్క పంచాయతీల వాళ్లకున్నది, మాకెందుకు లేదు?’ అని ఒకామె అడిగింది. జవాబు నా దగ్గర లేదు. కేరళలో 2010లోనే అయ్యంకాళి పేరుతో పట్టణ పేదలకు ఉపాధి హామీ పథకం తెచ్చారని తరువాత చదివి తెలుసుకున్నాను. ఆ కోరిక కాగితం మీద రాసి కౌన్సిల్‌లో పెట్టాను. అది మున్సిపాలిటీ చేతిలో ఉన్న పని కాదు. అయినా ఊరు మున్సిపాలిటీ అయిన రెండేళ్లకు గానీ ఆ మాట ఆ హాల్లో వినబడలేదంటే అందులో నా వంతు కూడా ఉంది.

ఆ తరువాత నీటి సంగతి. ముసలివాళ్లు ముగ్గురు లేచి వచ్చి మా వెంట నడిచారు. ఒర్రె ఎక్కడ మొదలై ఎక్కడ దిగేదో, ఏ చింతచెట్టు పక్క నుంచి మలుపు తిరిగేదో చూపించారు. ఈసారి ఇంజనీర్ లెవెల్ పరికరం తెచ్చి పెట్టి చూశారు. వాళ్లు చూపించిన చోటే పల్లం తేలింది. కొత్తగా వేసిన రోడ్డును కోస్తే ఆడిట్‌లో ప్రశ్న వస్తుందని కౌన్సిల్‌లో అభ్యంతరం చెప్పారు. అది న్యాయమైన అభ్యంతరమే. తప్పు మాదేనని మినిట్స్‌లో రాయమని కోరాను. మరుసటి ఎండాకాలం ముగిసేలోగా రోడ్డు కోసి అడుగున పైపులు వేశారు, పక్కన మోరీ కట్టారు. 2021 వానలకు దిగువ గల్లీలోకి నీళ్లు రాలేదు.

కానీ రోడ్డు ఎత్తు తగ్గలేదు, గడపలు ఇంకా కిందే ఉన్నాయి. భయం పోక కొన్ని ఇళ్లవాళ్లు గడపలు ఎత్తించుకున్నారు, అవ్వ కొడుకు కూడా. సిమెంటు, ఇటుక, మేస్త్రీ కూలి, అన్నీ వాళ్లే పెట్టుకున్నారు. కొందరు అప్పు తెచ్చారు. ఆ ఖర్చు మున్సిపాలిటీ నుంచి ఇప్పించగలమేమోనని అడిగాను. అలాంటి పద్దు లేదన్నారు. మా పాలకవర్గం గడువు 2025 జనవరిలో తీరిపోయింది. ఆ గడపల ఖర్చు మాత్రం నేను వాళ్లకు బాకీ ఉన్నట్టే.