బానెట్ కింద చీటీ

కడప జిల్లాలో ఏసీ కారంటే డాబు అనుకునేవాళ్ళు మే నెలలో ఒక్కసారి జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకి అద్దాలు దించుకుని పోయి చూడాలి. వడగాలి ఒక ఎత్తు, నాపరాళ్ళ లారీల దుమ్ము ఇంకో ఎత్తు. మా అమ్మకి ఉబ్బసం. ప్రొద్దుటూరులో బట్టలకొట్టు నడిపే రోజుల్లో నాయన ఏసీ ఉన్న 1993 మారుతి 800ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నది అందుకే. అద్దాలు ఎత్తుకుని పోవడానికి. చల్లదనం తర్వాతి సంగతి.

రెండేళ్ళ కిందట పులివెందులలో చెల్లెలింటికి బయల్దేరాం. జమ్మలమడుగు దాటకముందే ఏసీ వేడిగాలి కొట్టడం మొదలుపెట్టింది. రోడ్డుపక్క షాపులో ఆపితే కుర్రాడు అడిగాడు: "ఏ గ్యాస్ అన్నా? పన్నెండా, నూట ముప్పైనాలుగా?"

నా పట్టా మెకానికల్, ఉద్యోగం సాఫ్ట్‌వేర్. బానెట్ ఎత్తి చూశాను. గ్యాస్ ఎక్కించే మూతి దగ్గర ఆర్-134ఎ అడాప్టర్ మెరుస్తోంది. "నూట ముప్పైనాలుగే" అన్నాను, పరీక్షలో ఒక మార్కు ప్రశ్నకి జవాబిచ్చినంత ధీమాగా. వ్యాక్యూమ్ కూడా లాగకుండానే నింపేశాడు. నేనూ అడగలేదు, ఎండ అట్లుంది.

ముద్దనూరు దాటాక కీచుమని అరిచి, బెల్టు కాలిన వాసన కొట్టి కంప్రెసర్ పట్టేసింది. అద్దాలు దించాం. ఆ తర్వాతి ముప్పావు గంట అమ్మ ఏమీ మాట్లాడలేదు. మాట్లాడేంత ఊపిరి లేదు. ఇన్‌హేలర్ రెండుసార్లు, మూడుసార్లు... నాయన అద్దంలోంచి వెనక్కి చూస్తూ నడిపాడు. నాకేసి చూడలేదు.

కారుని ప్రొద్దుటూరుకి తెప్పించాక, ముప్పైయేళ్ళుగా ఇదే పనిలో ఉన్న మేస్త్రీ విప్పి చూసి నవ్వాడు. "ఏం సామీ, టోపీ కొత్తది పెట్టి తల పాతదే ఉంచినారే!" ఎప్పుడో ఎవరో అడాప్టర్లు మాత్రం మార్చారు. లోపల నూనె, డ్రయ్యరు, రింగులు అన్నీ ఆర్-12 కాలానివే. నాయనకి లీలగా గుర్తుంది: "యాడనో, ఎవరో, ఏదో మార్చినాడప్పా." మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ మారింది, లోపలి కోడ్ మారలేదు. కామెంట్ ఒక్కటీ లేదు.

ఇంతకీ నూనెకి ఎందుకంత పట్టింపు? కంప్రెసర్‌కి విడిగా నూనె పోసే ఏర్పాటు ఉండదు. గ్యాస్‌తో కలిసి నూనె వ్యవస్థంతా తిరిగి మళ్ళీ కంప్రెసర్‌కి చేరాలి. ఆర్-12 పాత మినరల్ ఆయిల్‌ని వెంటబెట్టుకుని తిరుగుతుంది. 134ఎకి ఆ నూనెతో పొసగదు. నూనె ఏ మూలనో ఆగిపోతుంది, కంప్రెసర్ ఎండిపోతుంది. మా కారులో అసలే లీకులో కొంత పోయింది.

పాత గ్యాస్‌ని తప్పుపట్టలేం, మంచి గ్యాసే. నేల మీద ఎవరికీ హాని చెయ్యలేదు. పైన ఓజోన్‌ని తింటుందని మోలినా, రోలండ్ 1974లో చెప్పారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మన దేశంలో ఆగస్టు 2008లో తయారీ ఆగిపోయింది. అప్పుడు నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఇవే తేదీలు రాసి మార్కులు తెచ్చుకున్నాను. మా ఇంటి కారులో ఏముందో మాత్రం తెలుసుకోలేదు.

విడిభాగాల కోసం ఎదురుచూస్తూ ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను. బోయింగ్ 737లో ఇలాంటి గ్యాసేమీ ఉండదట, ఇంజిన్ నుంచి తీసుకున్న గాలినే నొక్కి, వ్యాకోచింపజేసి చల్లబరుస్తారు. కానీ బీచ్‌క్రాఫ్ట్ కింగ్ ఎయిర్ లాంటి చిన్న విమానాల్లో కారులోలాగే కంప్రెసర్, కండెన్సర్ ఉంటాయి. పాతవాటిలో మా మారుతిలోని ఆర్-12నే. వాటి యజమానులకీ ఇదే తలనొప్పి: నూనె, రింగులు, డ్రయ్యరు. తేడా ఒక్కటే. అక్కడ ఆమోదం ఉన్న మార్పే చెయ్యాలి, చేసింది లాగ్‌బుక్కులో రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నేను వదిలేసి వచ్చిన కంపెనీల్లో నా కోడ్ చదువుతున్నవాళ్ళు ఏ ముద్దనూరు దగ్గర ఉన్నారో.

మేస్త్రీ పైపులన్నీ కడిగాడు. వేరే కంప్రెసర్, ఎస్టర్ నూనె, పచ్చ రింగులు, కొత్త డ్రయ్యరు. గంటసేపు వ్యాక్యూమ్. గ్యాస్ మాత్రం పాత లెక్కలో ఎనభై ఐదు శాతమే ఎక్కించాడు. "మన ఎండకి దీని ప్రెషరు పన్నెండు కంటే పైకి లేస్తాది. నిండా పోస్తే కండెన్సరుకి చేటు." ఈ గ్యాసూ శాశ్వతం కాదు. ఓజోన్ జోలికి పోదు గానీ, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కి 1,430 రెట్లు. దీన్ని తగ్గించడానికి 2016లో కిగాలీలో ఇంకో ఒప్పందం.

చివర్లో నేనే అడిగాను, చేసిందంతా రాసిపెట్టమని. "రాసేదేంది, నేను యాడికి పోతా?" అన్నాడు. తర్వాత తనే తెల్ల పెయింటు తెచ్చి బానెట్ లోపలివైపు గ్యాస్, నూనె, గ్రాములు, తేదీ వేశాడు. నాయన కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివాడు. "మినరల్ పోయొద్దు అని కూడా రాయప్పా" అన్నాడు.

మరుసటి ఆదివారం మళ్ళీ పులివెందులకి బయల్దేరాం. ముద్దనూరు దాకా అమ్మ ఇన్‌హేలర్ గుప్పిట్లోనే పట్టుకుని కూర్చుంది. చీనీతోటలు కనిపించాక సంచిలో వేసుకుంది.