పత్తి ఊరి నుండి లేసు ఊరికి

వరంగల్ వారికి నూలు కొత్త కాదు. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి రాశులు చూస్తూ పెరిగినవారం. కొత్తవాడ మగ్గాల మీద నేసే జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే అది ముతక నూలు పని. అదే పత్తి సన్నని దారమై స్త్రీల వేళ్ల మధ్య పువ్వులుగా విచ్చుకోవడం చూడాలంటే గోదావరి ఒడ్డుకు వెళ్లాలి.

డోర్నకల్ మీదుగా కొత్తగూడెం వరకు రైలు, అక్కడ నుండి భద్రాచలానికి బస్సు, ఆ పైన ఏటి ఒడ్డునే దుమ్ముగూడెం. మిషనరీ స్త్రీలు అక్కడి ఆడపిల్లలకు లేసు పని నేర్పగా, ఆ ఊరి పేరుతోనే లేసు అమ్ముడుపోయింది. నది వెంట కిందికి, సముద్రం చేరువకు పోతే నరసాపురం. పాలకొల్లు దాటిన రైలు పట్టాలు అక్కడితో ఆఖరు. అక్కడి క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

నరసాపురంలో కొక్కెం సూదితో అల్లుతారు. టాటింగ్ దానికి చెల్లెలి వంటిది. సూదికి బదులు దోనె ఆకారపు చిన్న షటిల్ ఉంటుంది. దారంతో జంట ముడులు వేసి, వాటిని రింగులుగా బిగిస్తూ పోతే బల్ల మీద పరచే గుండ్రని లేసు గుడ్డ తయారవుతుంది. ముడులు లోపలి దారం మీద జారితేనే రింగు మూసుకుంటుంది. బిగిసిన ముడిని విప్పడం చాలా కష్టం. అందుచేత ఈ పనిలో సగం విజయం దారం ఎన్నుకోవడంలోనే ఉంది.

మెలి గట్టిగా ఉన్న నున్నని నూలు దారం తీసుకోండి. వేళ్ల మధ్య రుద్దినప్పుడు నూగు లేస్తే అది పనికిరాదు. దారం నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది. నేర్చుకునేవారికి 10 గాని 20 గాని మేలు. చేయి తిరిగాక 40, 80 పట్టవచ్చు. మెర్సిరైజ్డ్ దారానికి నిగనిగ, బలం ఎక్కువ. నూలును క్షారంలో నానబెట్టే ఆ పద్ధతిని జాన్ మెర్సర్ 1844లో కనుగొన్నాడు. కావలసిన ఉండలన్నీ ఒకే లాటులో ఒకేసారి కొనండి. తెలుపులో కూడా తేడాలుంటాయి.

దారం ధర ఉండ మీద ఉంటుంది. మరి చేతుల ధర ఎక్కడ రాసి ఉంది? నరసాపురం లేసు స్త్రీలపై మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వెలువడింది. విదేశాలకు ఎగుమతయ్యే సరుకును గంటల తరబడి అల్లే ఆ తల్లులను లోకం కేవలం గృహిణులుగా, వారి కష్టాన్ని తీరిక వేళ కాలక్షేపంగా లెక్కించిందని ఆమె చూపించింది. కాలక్షేపమని పేరు పెడితే కూలి తగ్గించడం తేలిక.

కాబట్టి సోదరీ సోదరులారా, లేసు గుడ్డ కొనేటప్పుడు దాన్ని వెనక్కి తిప్పి ముడులు చూడండి. ఒక్కొక్క రింగులో ఎన్ని ముడులున్నాయో లెక్కపెట్టండి. ఆ తరువాత బేరమాడటానికి మనకు నోరు రాదు.