పీసీఓడీ ఫైల్లో దాక్కున్న నొప్పి

‘పీసీఓడీ’ అన్న మాట ఒకసారి ఫైలు మీదకు ఎక్కిందంటే, ఆ తరవాత ఆ అమ్మాయి ఏం చెప్పుకున్నా దాని ఖాతాలోకే పోతుంది. నెలసరి ఆలస్యమైతే పీసీఓడీ. మొటిమలొస్తే పీసీఓడీ. ఒళ్లు చేస్తే పీసీఓడీ. పెళ్లయి మూడేళ్లయినా విశేషం లేకపోతే అదీ పీసీఓడీనే. ఆఖరికి ఆ రోజుల్లో మంచం మీద మెలికలు తిరిగేంత నొప్పి వచ్చినా అందులోకే తోసేస్తారు. గ్రేటర్ నోయిడాలో చాలాకాలంగా ప్రాక్టీసు చేస్తున్న ఒక తెలుగు డాక్టరమ్మ మాత్రం సరిగ్గా ఆ నొప్పి దగ్గరే ఆగుతారు. పీసీఓడీ, అంటే డాక్టర్ల భాషలో పీసీఓఎస్, అంత నొప్పి పెట్టే జబ్బు కాదు. అంత నొప్పి ఉందంటే రెండోది ఏదో ఉండి ఉండాలి.

ఆమె క్లినిక్‌కి దాద్రీ, దన్‌కౌర్, జేవర్ వైపు ఊళ్ల నుంచి అత్తగార్ల వెంట కోడళ్లు వస్తారు. నోయిడా, నోయిడా ఎక్స్‌టెన్షన్ టవర్లలో ఉండే ఐటీ ఉద్యోగులూ వస్తారు. వీళ్లలో తెలుగువాళ్లు తక్కువేం కాదు. పడగ్గది సంగతులు హిందీలో చెప్పుకోలేక, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో పేరు చెబితే ఆక్వా లైన్ మెట్రో ఎక్కి పరీ చౌక్‌లో దిగి వస్తారు. ఎవరినీ గుర్తుపట్టే వీల్లేకుండా వివరాలు మార్చి, ఒకరి అనుభవంలో మరొకరిది కలిపి చెబుతున్న కథలివి.

ముప్ఫై ఒక్కేళ్ల అమ్మాయి, మూడేళ్లుగా పిల్లల కోసం ఎదురుచూస్తోంది. సొంతూరు తెనాలి దగ్గర, ఉద్యోగం నోయిడాలో. నెలసరి నలభై అయిదు రోజులకో, రెండు నెలలకో వస్తుంది. నెల తప్పినప్పుడల్లా ఇంట్లో ఆశ, కిట్ మీద ఒక్క గీత, మళ్లీ ఏడుపు. ఫైల్లో ఇంజినీరింగ్ రోజుల నాటి స్కాన్ కూడా ఉంది. అందరూ ఇచ్చిన సలహా ఒక్కటే: బరువు తగ్గు.

“నొప్పి ఉంటుందా అమ్మా?”

“అందరికీ ఉండేదే కదా మేడమ్.”

“ఆఫీసు మానేస్తావా?”

“మొదటి రెండు రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుంటాను. వేడినీళ్ల బ్యాగు పెట్టుకుని కూర్చుంటా. ఒక్కోసారి వాంతులవుతాయి.”

భర్తనీ, ఊరి నుంచి వచ్చిన తల్లినీ కాసేపు బయట కూర్చోమన్నారు డాక్టరమ్మ. ఆ రోజుల్లో మోషన్‌కి వెళ్తే నొప్పి వస్తుందా, భార్యాభర్తలు కలిసినప్పుడు లోపల పోటు వస్తుందా అని అడిగారు. రెండిటికీ అవుననే సమాధానం. “అది నా భయం వల్ల అనుకున్నాను మేడమ్. పిల్లలు పుడితే అన్నీ సర్దుకుంటాయని మా అమ్మ అంది.” ఈ రెండు ప్రశ్నలూ అంతకుముందు ఆమెను ఎవరూ అడగలేదు. అడగడానికి రెండు నిమిషాలు చాలు. అడగకపోతే ఏళ్లు పోతాయి.

అనుభవమున్న సోనాలజిస్టు చేసిన స్కాన్‌లో ఎడమ అండాశయంలో నాలుగు సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్ కనిపించింది. ఆ అండాశయం గర్భాశయం వెనక్కి అతుక్కుపోయి కదలడం లేదు.

పీసీఓఎస్‌లో స్కాన్‌లో కనబడే ‘నీటి బుడగలు’ గడ్డలు కావు. అవి ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండాల సంచులు. లోపల సరుకు బోలెడు ఉంటుంది, కానీ ఏ నెలా సమయానికి ఒకటి పండి బయటికి రాదు. ఆ సిస్ట్‌కు మూలమైన ఎండోమెట్రియోసిస్ సంగతి వేరు. గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం అండాశయాల మీద, ట్యూబుల వెనక, పేగుల దగ్గర పెరుగుతుంది. నెలనెలా అక్కడ వాపు వస్తుంది, రక్తం చేరుతుంది, క్రమంగా అవయవాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అండాశయంలో చేరిన పాతరక్తమే చాక్లెట్ సిస్ట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లలో దాదాపు 10 శాతం మందికి, అంటే 19 కోట్ల మందికి, ఎండోమెట్రియోసిస్ ఉంది. పీసీఓఎస్ 8 నుంచి 13 శాతం మందికి ఉంది. ఇంతమందికి ఉన్న రెండు జబ్బులు ఒకే మనిషిలో కలవడం వింతేమీ కాదు.

కలిసినప్పుడే చిక్కు. పీసీఓఎస్ ఎండోమెట్రియోసిస్‌ను మూడు రకాలుగా కప్పేస్తుంది. నెలసరి తరచూ రాదు కాబట్టి నొప్పి కూడా ఏడాదికి ఆరేడుసార్లే వస్తుంది, ఓర్చుకోవచ్చులే అనిపిస్తుంది. ఇక నెలసరి క్రమంగా రావడానికి కాలేజీ రోజుల్లో ఇచ్చే హార్మోను మాత్రలు ఎండోమెట్రియోసిస్ నొప్పిని కూడా అణిచిపెడతాయి. పెళ్లయ్యాక పిల్లల కోసం ఆ మాత్రలు ఆపగానే నొప్పి విరుచుకుపడుతుంది. “పెళ్లయ్యాకే ఇదంతా” అంటారు ఇంట్లో. నిజానికి ఆ జబ్బు పెళ్లికి పదేళ్ల ముందు నుంచే ఉండి ఉండవచ్చు.

మూడోది ఏఎంహెచ్ పరీక్ష. అండాల నిల్వను సూచించే ఈ అంకె పీసీఓఎస్‌లో మామూలుగానే ఎక్కువ ఉంటుంది. ఈ అమ్మాయికి ఏడు దాటింది. రిపోర్టు చూసినవాళ్లంతా “నిల్వ బ్రహ్మాండంగా ఉంది, తొందరేం లేదు” అన్నారు. విడుదలైన అండాన్ని ట్యూబు అందుకోగలదా, చుట్టూ ఉన్న వాపు దాన్ని దెబ్బతీస్తోందా అన్నది ఆ అంకె చెప్పదు. పీసీఓఎస్ ఒక్కటే ఉంటే కొంత ఆగినా ఫరవాలేదు. ఎండోమెట్రియోసిస్ తోడైతే ఆగిన ప్రతి ఏడాదికీ మూల్యం ఉంటుంది. ఈ తేడా దంపతులకు మొదటిరోజే విడమరిచి చెప్పకపోతే, ఆ తరవాత ఎంత వైద్యం చేసినా అది వెనకబడి పరిగెత్తడమే అవుతుందని డాక్టరమ్మ గట్టిగా నమ్ముతారు.

ఇక్కడో సంగతి చెప్పి తీరాలి. ఆ ఫైల్లో ఆమెవి బొత్తెడు రిపోర్టులున్నాయి. అతనిది ఒక్కటీ లేదు. మూడేళ్లలో భర్తకు వీర్యపరీక్ష ఎవరూ రాయలేదు. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. కొద్ది వందల రూపాయల పరీక్ష చేయించకుండా ఆడదాన్ని స్కాన్ల చుట్టూ తిప్పడం అన్యాయం. అతను మంచివాడు, వెంటనే చేయించుకున్నాడు. ఫలితం బాగానే ఉంది. అలా కాకుండా మొండికేసే భర్తలు ఉన్నచోట డాక్టరమ్మ తరవాతి మందు రాయరు.

సర్జరీ చేయాలా వద్దా అన్నది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. కెనడాలో 341 మంది మీద చేసి 1997లో ప్రచురించిన అధ్యయనంలో, తొలిదశ ఎండోమెట్రియోసిస్‌ను ల్యాపరోస్కోపీతో తొలగించినవారిలో 30.7 శాతం మంది 36 వారాల్లోపు గర్భం దాల్చారు. చూసి వదిలేసినవారిలో 17.7 శాతం. కానీ చాక్లెట్ సిస్ట్ దగ్గర లెక్క మారుతుంది. బాగా పండిన పనసతొనను పీచు నుంచి లాగితే తొన కొంత చిరిగి దానితోనే వస్తుంది చూడండి, సిస్ట్ గోడను ఒలిచేటప్పుడు మంచి అండాలున్న భాగం కూడా కొంత అలాగే పోతుంది. అందుకే ఐవీఎఫ్‌లో ఫలితం మెరుగుపడుతుందని ప్రతి సిస్ట్‌నూ ముందే కోసేయవద్దని యూరప్ సంతాన వైద్యుల సంఘం 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఈ అమ్మాయికి మాత్రం ల్యాపరోస్కోపీ చేయించారు. దాంపత్యమే నరకమయ్యేంత నొప్పి ఉన్నప్పుడు నెలకోసారి కలవమని క్యాలెండర్ ఇచ్చి లాభం లేదు. పైగా పీసీఓఎస్ పుణ్యమా అని నిల్వ పుష్కలంగా ఉంది. ఆపరేషన్ తరవాత ఏఎంహెచ్ ఏడు నుంచి నాలుగుకు దిగింది, అదీ సరిపోతుంది. అదే ఆపరేషన్ ఏఎంహెచ్ ఒకటి ఉన్న మనిషికి చేస్తే ఇక మిగిలేది చాలా తక్కువ. పీసీఓఎస్‌ను మొదట వర్ణించిన షికాగో వైద్యులు స్టైన్, లెవెంతాల్ కూడా 1935లో అండాశయాల ముక్కలు కోసే వైద్యం చేశారు. వాళ్లు రాసిన ఏడుగురికీ నెలసరి తిరిగి వచ్చింది, ఇద్దరికి గర్భం నిలిచింది. అండాశయానికి చిన్నచిన్న రంధ్రాలు పెట్టే ఇప్పటి ‘డ్రిల్లింగ్’ ఆ బాటలోదే. ఎండోమెట్రియోసిస్ ఉన్న అండాశయం మీద అది చేసేముందు చాలా ఆలోచించాలి.

తెనాలి అమ్మాయి కోలుకున్నాక, అండం విడుదల కోసం లెట్రోజోల్ మొదలుపెట్టారు. మర్నాడే మెసేజ్: “మేడమ్, ఇది రొమ్ము క్యాన్సర్ మందు అని రాసుంది. నాకెందుకు?” ఈ ప్రశ్న అడిగిన ప్రతివాళ్లకీ డాక్టరమ్మ ఓపిగ్గా చెబుతారు. నిజమే, అది ముందు రొమ్ము క్యాన్సర్ కోసం వచ్చిన మందు. ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారీని కొద్దిరోజులు తగ్గిస్తుంది. ఈస్ట్రోజెన్ తగ్గిందని గమనించిన మెదడు, అండాన్ని పెంచే హార్మోనును ఎక్కువగా పంపుతుంది. అయిదు రోజులు వేసుకుని ఆపేస్తే అండం పండే వేళకి మందు చాలావరకు ఒంట్లోంచి పోతుంది. మన దేశంలో 2011 అక్టోబర్‌లో సంతాన చికిత్సకు దీన్ని వాడకూడదని నిషేధించారు, 2017లో ఎత్తేశారు. ఈ మధ్యలోనే, 2014లో, అమెరికాలో పీసీఓఎస్ ఉన్న 750 మంది మీద చేసిన అధ్యయనం వెలువడింది. పాత మందు క్లోమిఫెన్ వాడినవారిలో 19.1 శాతం మందికి బిడ్డలు పుడితే, లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం మందికి పుట్టారు. ఈస్ట్రోజెన్‌తో బలిసే ఎండోమెట్రియోసిస్ కూడా ఉన్న మనిషికి, ఈస్ట్రోజెన్‌ను తక్కువలో ఉంచే ఈ మందే మేలన్నది డాక్టరమ్మ అభిప్రాయం.

అదే వారం దన్‌కౌర్ వైపు నుంచి ఇరవై ఆరేళ్ల కోడలు ఒకామె వచ్చింది. నెలసరి మూడు నెలలకోసారి, నొప్పి లేదు, బరువెక్కువ. ఆమెది ఒక్క పీసీఓఎస్సే. ఒంటి బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి అండం విడుదల తిరిగి మొదలవుతుంది. ఆమె పొద్దున్నే పొలం గట్ల వెంట నడిచింది, చాయ్‌లో చక్కెర తగ్గించింది, మూడో నెల లెట్రోజోల్‌కే గర్భం నిలిచింది. ఆమెకు పనికొచ్చిన సలహానే తెనాలి అమ్మాయికి మూడేళ్లు ఇచ్చారు. బరువు తగ్గితే అతుకులు విడిపోవు. 2025లో మన దేశంలో మార్కెట్లోకొచ్చిన మౌంజారో లాంటి, బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి ఈమధ్య అడుగుతున్నారు. వాటిమీద ఉన్నంతకాలం గర్భం రాకుండా చూసుకోవాలి, గర్భం కోసం ప్రయత్నించేముందు డాక్టరు చెప్పినంత కాలం ముందుగా ఆపాలి. ఇవి దాచిపెట్టి వాడేవాళ్లను చూస్తే డాక్టరమ్మకు నిజంగా భయం.

తెనాలి అమ్మాయికి నాలుగు నెలల లెట్రోజోల్‌తో అండాలు విడుదలయ్యాయి కానీ గర్భం నిలవలేదు. ఐవీఎఫ్‌కి వెళ్లారు. ఇక్కడ ప్రమాదం పీసీఓఎస్ వైపు నుంచి. ఇంజెక్షన్లకు ఒకేసారి పాతిక ముప్ఫై అండాలు పెరిగి, పొట్టలో నీరు చేరి, ఆస్పత్రి పాలయ్యేవాళ్లున్నారు. అందుకే మోతాదు తగ్గించి, అండాలు తీశాక పిండాలను వెంటనే లోపల పెట్టకుండా ఫ్రీజ్ చేశారు. చైనాలో పీసీఓఎస్ ఉన్న 1,508 మందితో చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, పిండాలను ఫ్రీజ్ చేసి తరవాత పెట్టినప్పుడు 49.3 శాతం మందికి బిడ్డలు పుట్టారు. వెంటనే పెట్టినప్పుడు 42 శాతం. పొట్టలో నీరు చేరే ఆ ప్రమాదం 7.1 నుంచి 1.3 శాతానికి తగ్గింది. 2021 నాటి ఏఆర్‌టీ చట్టం ప్రకారం ప్రతి ఐవీఎఫ్ సెంటరూ రిజిస్టరు కావాలి. డబ్బు కట్టేముందు ఆ సర్టిఫికెట్ చూపించమని అడిగే హక్కు దంపతులకుంది. అడగడానికి మొహమాటపడవద్దు.

ఐవీఎఫ్ అందరికీ ఫలించదు. ముప్ఫై ఎనిమిదేళ్ల మరొకామె రెండుసార్లు ఐవీఎఫ్ చేయించుకుని ఇక చాలనుకుంది. ఆ మాట విని డాక్టరమ్మ ఆమెను మూడోసారికి ఒప్పించే ప్రయత్నం చేయలేదు. గర్భం కోసం ఇన్నాళ్లూ ఆపి ఉంచిన నొప్పి మందు డైనోజెస్ట్ మొదలుపెట్టారు. రెండు నెలల తరవాత ఆమె వచ్చి, ఆఫీసు టూరుకి భయం లేకుండా వెళ్లొచ్చానని చెప్పింది. అదీ వైద్యమే.

ఈ జబ్బు బయటపడటానికే ఏళ్లు పడుతుంది. చెన్నైలో పుట్టి అమెరికాలో పేరు తెచ్చుకున్న పద్మాలక్ష్మికి పదమూడేళ్ల వయసు నుంచీ నొప్పి ఉంది. ఎండోమెట్రియోసిస్ అని తేలింది ముప్ఫై ఆరో ఏట. 2009లో డాక్టర్ తామెర్ సెచ్‌కిన్‌తో కలిసి ఆ జబ్బు కోసం ఫౌండేషన్ పెట్టింది, 2010లో కూతురు పుట్టింది. అంత డబ్బు, పలుకుబడి ఉన్న మనిషికే ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. పదోతరగతి పిల్ల ప్రతినెలా రెండురోజులు బడి మానేస్తుంటే ‘అందరికీ ఉండేదే’ అనకుండా చూపించడం తల్లులు చేయగలిగిన పని.

ఇక తెనాలి అమ్మాయికి, రెండోసారి పెట్టిన పిండం నిలిచింది. కిట్ మీద రెండు గీతలు చూసి ఆమె క్లినిక్‌కి పరిగెత్తుకొచ్చింది. డాక్టరమ్మ సంతోషించారు, వెంటనే పనిలో పడ్డారు. ట్యూబులో గర్భం నిలవలేదని తేల్చుకోవడానికి త్వరగా స్కాన్. పీసీఓఎస్ ఉంది కాబట్టి గర్భంలో వచ్చే షుగర్ కోసం ఆరో నెల దాకా ఆగకుండా ఇప్పుడే పరీక్ష. ప్రయత్నాలు మొదలైన రోజు నుంచీ వేసుకుంటున్న ఫోలిక్ యాసిడ్ కొనసాగించాలి. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఆ విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేయించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారేనని చెబితే వెంట వచ్చిన తల్లి మొహం వెలిగింది.

“ఇక ఆ నొప్పి రాదు కదా డాక్టరు గారూ?” అంది ఆ తల్లి.

రావచ్చని డాక్టరమ్మ సూటిగా చెప్పారు. కాన్పుతో ఎండోమెట్రియోసిస్ నయం కాదు, కొన్నాళ్లు సద్దుమణుగుతుంది అంతే. తెనాలిలో కాన్పయ్యాక ఆరో వారంలో ఫోన్ చేయమన్నారు. బిడ్డకు పాలిస్తూ ఏ మందు వాడొచ్చో, రెండో బిడ్డ కావాలనుకుంటే ఎంతకాలం ఆగొచ్చో అప్పుడు ఆలోచించాలి.