ఎవరు? ఏమిటి?

ఈ కాలపు ఉద్యోగాల్లో మనిషి ఆఫీసుకి వెళ్ళడం తగ్గింది. ఆఫీసే ఇంటికొచ్చి కూర్చుంటోంది. మా కోడలిది అలాంటి ఉద్యోగమే. వాళ్ళ సర్వీసు రాత్రింబవళ్ళు నడవాలి. ఆగిందా, ఆ వారం వంతు ఎవరిదైతే వాళ్ళ ఫోను మోగుతుంది. తన వంతు వచ్చిందంటే మా ఇంటిల్లిపాదికీ అరనిద్రే.

వినగా వినగా ఆ భాష నాకూ కొంత పట్టుబడింది లెండి. అంకె నాలుగు వందల్లో ఉంటే పొరపాటు అడిగినవాళ్ళది, ఐదు వందల్లో ఉంటే ఇచ్చేవాళ్ళది. 404 అంటే 'మీరడిగినది ఇక్కడ లేదు' అని. 500 అంటే 'వంటింట్లో ఏదో తగలడింది, ఏమిటో చెప్పలేను' అని. 503 అంటే 'ఇప్పుడు తీరిక లేదు, కాసేపాగి రండి' అని. పండగపూట నేను రోజంతా చెప్పే మాటే! 418 అని ఇంకోటుంది. 1998 ఏప్రిల్ 1న వేళాకోళానికి రాసిన నియమాల్లోది. 'నేను టీ పాత్రని, కాఫీ కాయమంటే కాయను' అని దాని భావం. కాఫీ గొడవ అక్కడా తప్పలేదన్నమాట.

ఇక జబ్బులంటారా, తన కంప్యూటర్లో చక్కగా నడిచింది అసలు చోటికి పంపగానే మొరాయించడం అన్నిటికన్నా మామూలు. పుట్టింట్లో పొంగిన పూరీ అత్తింట్లో పొంగకపోవడం మనకి తెలియందా? పిండి వేరు, నూనె వేరు, పొయ్యి వేరు. అంచేత ఇప్పుడు కావలసిన సరంజామా అంతా ఒకే పెట్టెలో సర్ది పంపుతారట. సర్టిఫికెట్టు గడువు దాటడం మరొకటి. అప్పుడు బ్రౌజరు గుమ్మంలోనే అడ్డుపడుతుంది. పెద్దవాళ్ళకీ ఈ తిప్పలు తప్పవు. 2021 అక్టోబరు 4న మరమ్మతు వేళ ఇచ్చిన ఒక్క ఆదేశంతో ఫేస్‌బుక్కూ వాట్సాపూ ఇంచుమించు ఆరు గంటలు లోకానికి కనబడకుండా పోయాయి.

వైద్యం మాత్రం మన అమ్మమ్మల వైద్యమే. 'నిన్నటిదాకా బాగున్నది ఇవాళ చెడిందంటే మధ్యలో ఏం మారింది?' అని ముందు చూస్తారు. మారినదాన్ని వెనక్కి తీసి, సర్వీసు లేచి కూర్చున్నాక తీరిగ్గా కారణం వెతుకుతారు.

మొన్నొక రాత్రి రెండింటికి లేచింది, తెల్లవారింది. కొత్తగా చేరిన కుర్రాడు చేసిన మార్పువల్ల చిట్టాలు పెరిగి పెరిగి డిస్కు నిండిపోయిందట. మర్నాడు మీటింగులో అతనికి అక్షింతలు ఖాయమనుకుని చెవులు రిక్కించాను. ఎన్నింటికి ఏమైంది, ముందే ఎందుకు తెలియలేదు, ఇకమీదట ఎలా తెలుస్తుంది – ఇంతే. పేరెత్తలేదు.

"ఆ కుర్రాణ్ణి ఒక్క మాటైనా అనలేదేమే?" అన్నాను.

"అంటే ఈసారి దాచేస్తాడత్తయ్యా. దాచింది వెతకాలంటే రెండు రాత్రులు పడుతుంది."

నాకు నోట మాట రాలేదు. మన ఇళ్ళల్లో పాలు పొంగితే మొదటి ప్రశ్న 'ఎవరు?' అనే కదా! జవాబు కూడా అడగక్కర్లేదు, కోడలే. గ్లాసు పగిలితే ముక్కలు పెరట్లో పాతిపెట్టిన కోడళ్ళు ఎందరో! ఆ భయంలో ఎన్ని పగుళ్ళు ఎవరికీ తెలియకుండా పెద్దవయ్యాయో!

ఆ రోజు నిద్రకళ్ళతోనే తను వంట చేసింది. పప్పు నోట్లో పెట్టుకుని మావారు, "ఉప్పెవరు వేశారివాళ?" అన్నారు.

"ఉప్పెక్కువైంది. కాస్త నెయ్యీ ఇంకాస్త అన్నమూ కలుపుకోండి," అన్నాను.

కోడలు తలెత్తి నావైపు చూసింది.