ఏటినీటి వేడిమి

చల్లని యేటినీటినుండి వేడిమిని లాగి భవనమును వెచ్చచేయవచ్చునన్న విన్నవారికి విడ్డూరముగా తోచును. అయినను జూరిచ్ పురమందిరమున 1938లో నెలకొల్పిన యంత్రము లిమ్మట్ నదీజలముతో 2001 వరకు, అనగా 63 ఏండ్లు, ఆ పనియే చేసినది. నిర్మాతలను పొగడువారు పెక్కండ్రు. ఇట్టి యంత్రములకు జల్లెడ కడుగువానిని తలచువా రెవరు?

వీని జబ్బులలో పెక్కు నీటివైపుననే పుట్టును. జల్లెడలో పాచియు నిసుకయు పేరుకొన్నచో ప్రవాహము సన్నగిల్లును. లోపలి గ్యాసుపీడనము పడిపోవును. యంత్రము తనంతట నాగును. వెంటనే గ్యాసు తగ్గినదని సిలిండరు తెచ్చువానిని మేము నాడి చూడక మందిచ్చు వైద్యునితో పోల్చుదుము. లోనికి వచ్చు నీటికిని వెలికి పోవు నీటికిని గల ఉష్ణభేదమును ముందు చూడవలెను. అది మామూలుకంటె హెచ్చినచో నీరు చాలలేదు. జల్లెడను, పంపును పరీక్షింపుడు. పీడనముతోపాటు భేదమును తగ్గినచో గొట్టములలో గార పట్టియైన నుండవలెను, గ్యాసు కారియైన నుండవలెను. సిలిండరు మాట అప్పుడే. రక్షకపు మీటను కట్టివేసి మొండిగా నడుపువారును గలరు! లోని నీరు గడ్డకట్టి గొట్టములు పగులును. అంతటితో యంత్రము చెడును.

మామూలెంతయో తెలియుటకు యంత్రము కుదురుగా నున్ననాడే ఆ రెండంకెలను వ్రాసియుంచవలెను. ఒక పుస్తకము, ఒక పెన్సిలు, మాసమున కొక పావుగంట చాలును.