సూత్రమును సూత్రధారియు

వ్యాకరణము చదువుకొన్న విద్యార్థులకు పరుషములు, సరళములు అను మాటలు తెలిసినవే. క, చ, ట, త, ప అను ఐదక్షరములను గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడెల్ల ఆ యైదింటిని వల్లించుటకు మారుగా ‘పరుషములు’ అని ఒక్క మాట చెప్పి ముందునకు సాగుదుము. పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణము తొలుత ఇట్టి సంజ్ఞలను నిర్ణయించి, పిదపనే సంధులలో ప్రవేశించును. మరల మరల చెప్పవలసిన దానిని ఒక్కమారు చక్కగా నిర్ణయించి, దానికొక పేరు పెట్టి, ఆ పేరు పలికినంతనే తక్కినదంతయు స్ఫురించునట్లు చేసికొనుట మన పెద్దల తెలివి.

కంప్యూటరుకు ఆజ్ఞలు వ్రాయువారును ఇట్టి ఉపాయమునే కనిపెట్టి, దానికి ‘మాక్రో’ అని పేరిడిరి. గ్రీకుభాషలో ‘మాక్రోస్’ అనగా దీర్ఘమైనది. 1950వ దశకమునందే, తరచుగా వచ్చు పొడవైన ఆజ్ఞల వరుసకు వారొక చిన్న పేరు పెట్టుట మొదలిడిరి. ఆ పేరు వ్రాసినచోట యంత్రము పూర్తి వరుసను తానే పరచుకొనును. 1960లో డగ్లస్ మెక్‌ఇల్రాయ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ పద్ధతిని విస్తరించుటను గూర్చి ఒక ప్రసిద్ధ వ్యాసము వ్రాసెను. నేడు కార్యాలయములలో పట్టికలు వేయువారును, ఇంట కూర్చుండి ఆటలాడువారును మాక్రోలను వాడుచున్నారు. నేను వానిని ఆటయందే చూచితిని.

మాది మదనపల్లె చెంతనున్న నిమ్మనపల్లె. మా యింట టమాటా సేద్యము. నా తమ్ముని కుడిచేతి మూడు వ్రేళ్లు చిన్ననాడు జరిగిన యొక ప్రమాదమువలన వంగవు. పగలు వాడు నాయనతో పొలమునకు పోవును, పంటలెక్కలు చూచును. రాత్రి భోజనమైన పిదప ఒక గంటసేపు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అను ఆట యాడును. అమెరికాలోని బ్లిజార్డ్ సంస్థ 2004 నవంబరులో వెలువరించిన ఈ ఆటలో నానాదేశములవారు ఒక కల్పితలోకమున కలిసికొందురు. ఆటగాడు ఒక పాత్రను సృష్టించుకొని, కార్యములు సాధించి, అనుభవము గడించి, ఒక్కొక్క స్థాయియే పైకెక్కవలెను. ఒక్కరే పలు పాత్రలను పెంచవచ్చును. నా తమ్మునికి నాలుగు పాత్రలు కలవు. ఒకడు డాలు పట్టి శత్రువుల దెబ్బలను తనపైకి తీసికొను వీరుడు. ఒకతె గాయములు మాన్పు పురోహితురాలు. ఒకడు విల్లు పట్టిన వేటగాడు. నాలుగవవాడు నిప్పును, మంచును ప్రయోగించు మాంత్రికుడు.

“ఒక్కదానిని పెంచుకొంటే చాలదా? నాలుగెందుకు?” అని నేనొకనాడు అడిగితిని. తమ్ముడు బదులు చెప్పకమునుపే నాయన నవ్వి, “మనము మూడు మడులు వేయడం లేదా? ఒకే మడిని నమ్ముకొంటే ఒకే నాటి ధరను నమ్ముకొన్నట్లు గదమ్మా!” అనెను. మదనపల్లె మార్కెట్టులో టమాటా ధర నేడున్నట్లు రేపుండదు. అందుచేత నాయన మూడు మడులలో మూడు వారముల యెడముతో నారు నాటించును. ఒకదానిలో మొక్కలు వేరూనుచుండగా రెండవదానికి కర్రలు పాతి దారములు కట్టుదుము. మూడవదానిలో కాయ కోతకు వచ్చును.

ఆటలోను అట్టి క్రమము గలదు. పాత్రను సత్రములో విడిచి వచ్చినచో, దానికి విశ్రాంతి లభించును. ప్రతి 8 గంటల విశ్రాంతికి ఒక స్థాయిలో ఇరువదవ వంతు చేరుచుండును. ఈ నిల్వ ఒకటిన్నర స్థాయికి మించదు. నిండుటకు 10 దినములు పట్టును. నిల్వ యున్నంతకాలము, శత్రువును గెలిచినప్పుడు వచ్చు అనుభవము రెట్టింపగును. కనుక ఒక పాత్ర శ్రమించుచుండగా తక్కినవి విశ్రమించుట లాభకరము. నా తమ్ముడు నాలుగింటిని వంతులవారీగా నడుపుట ఇందుకే.

అయితే ఇందొక చిక్కు గలదు. ఒక్కొక్క పాత్రకు పదులకొలది విద్యలుండును. నిన్న విల్లు పట్టినవాడు నేడు మాంత్రికుడగును. చేతికి నిన్నటి యలవాటు నేడు పనికిరాదు. ఐదు వ్రేళ్లును చక్కగా ఆడువారికే ఇది కష్టము. నా తమ్మునికి కొన్ని మీటలు అందనే అందవు.

మాక్రోలు వానికి ఆదుకొన్నవి. ఈ ఆటలో ఒక్కొక్క మాక్రోను 255 అక్షరములలో ముగింపవలెను. ఒకే ఖాతాలోని పాత్రలన్నింటికి చెల్లు ఉమ్మడి మాక్రోలను 120 వరకు వ్రాసికొనవచ్చును. ఒక్కొక్క పాత్రకు మాత్రమే చెల్లు సొంత మాక్రోలు వేరుగా నుండును. తమ్ముడు మొదట ఒక కాగితముపై నాలుగు పాత్రల విద్యలను వ్రాసికొని, వానిని పేర్లనుబట్టిగాక ప్రయోజనమునుబట్టి విభజించెను. దాడి చేయునది ఏ పాత్రకైనను మొదటి మీట. తన్ను తాను కాపాడుకొనునది రెండవ మీట. శత్రువు మంత్రమును మధ్యలో ఆపునది మూడవ మీట. పాత్ర మారినను మీట మారదు. చేతికి ఒకే పాఠము. పాత్రకు తగిన విద్యను మాక్రో తెచ్చి యిచ్చును.

ఒక మీటలోనే పలు పనులను ఇముడ్చు ఉపాయము కూడ గలదు. షిఫ్టు మీటను పట్టియుంచినచో ఒక విద్య, పట్టనిచో వేరొకటి అని మాక్రోలో షరతు పెట్టవచ్చును. మౌసు సూచించిన వ్యక్తి మిత్రుడైనచో గాయము మాన్పుమని, శత్రువైనచో దెబ్బ కొట్టుమని చెప్పవచ్చును. ఈ విధముగా నా తమ్ముడు ఎడమచేతికి అందు ఆరు మీటలతో నాలుగు పాత్రలను నడుపుచున్నాడు.

వాడు పాటించు నియమములు మరి రెండు గలవు. ఉమ్మడి మాక్రోలో ఒక యక్షరము మార్చినను ఆ మార్పు అన్ని పాత్రలకును తగులును. కనుక మార్చిన పిదప నాలుగింటిని ఒక్కొక్కమారు పరీక్షించును. యుద్ధము నడుచుచుండగా మాక్రోను దిద్దుటకు ఆట అనుమతింపదు. కనుక దిద్దుబాట్లన్నియు సత్రములోనే ముగించును. మా నాయన గాలివాన రాకమునుపే కర్రల కట్లు సరిచూచుకొనుట వంటిదే ఇది.

ఇన్ని చేయగల మాక్రో ఆటనంతటిని తానే ఏల ఆడరాదు? ఈ ప్రశ్న ఆటను నిర్మించినవారికిని తోచినది. చాల విద్యల నడుమ సాధారణముగా 1.5 సెకన్ల విరామముండును. అట్టివి రెండు ఒక్క నొక్కునకు జరుగవు. మనుష్యుడు మరల నొక్కవలసినదే. 2006 డిసెంబరులో వచ్చిన మార్పుతో యుద్ధనిర్ణయములను యంత్రమునకు వదలు దారులనేకము మూసివేసిరి. ఒక్కరే పలు ఖాతాలను తెరచి, ఒక్క నొక్కును అన్నింటికి పంపు సాధనములను 2020 నవంబరులో నిషేధించిరి. అన్నింటికంటె నన్ను ఆలోచింపజేసిన కట్టుబాటు వేరొకటి గలదు. ‘ఇతడు మిత్రుడా, శత్రువా?’ అని మాక్రో అడుగవచ్చును. ‘జీవించి యున్నాడా?’ అనియు అడుగవచ్చును. ‘ఇతని గాయమెంత?’ అని మాత్రము అడుగరాదు. అది ఆటగాడే చూచి తెలిసికొనవలెను.

ఈ కట్టుబాటు విలువ నాకు ఒక రాత్రి తెలిసినది. ఆనాడు తమ్ముడు పురోహితురాలిని నడుపుచుండెను. అపరిచితులైన నలుగురితో కలిసి ఒక గుహలో ప్రవేశించెను. ఐదుగురిలో ఒకడు డాలువీరుడు. ఒకడు ఆటకు క్రొత్తగా వచ్చిన మాంత్రికుడు. శత్రువులు రెండు వైపులనుండి మీదపడిరి. డాలువీరుని బలమును తెలుపు గీత సగమునకు దిగువకు పోయెను; మాంత్రికుని గీతయు అంతే తరిగెను. ఒకరిని మాన్పుటకే వ్యవధి యున్నది. మాక్రోకు ఇద్దరును మిత్రులే. తమ్ముడు మౌసును డాలువీరునిపైనుండి తప్పించి క్రొత్తవానిపై నుంచి మీట నొక్కెను. వాడు బ్రదికెను. డాలువీరుడు తన డాలు నడ్డుపెట్టి, ఇంచుక బలముతో నిలిచి, తరువాతి మంత్రమునకు కోలుకొనెను.

“ముందుండి పోరాడేవాణ్ణి విడిచిపెట్టినావే, ధైర్యమెట్లా వచ్చింది?” అని అడిగితిని.

“అక్కా, నేను డాలువీరుణ్ణి కూడా పెంచినాను గదా! ఆ స్థితిలో వాని చేతిలో ఇంకొక ఉపాయం మిగిలి ఉంటుంది. మాంత్రికుణ్ణీ పెంచినాను. వాని ఒంటిమీద గుడ్డ తప్ప కవచం ఉండదు” అని వాడు తెర మీదనుండి చూపు మరల్చకయే చెప్పెను.

నాలుగు పాత్రలను పెంచుటలోని లాభము విశ్రాంతి లెక్కలలో మాత్రమే యున్నదని నేను అంతవరకు భావించుచుంటిని. ఒక్క పాత్రనే ఎరిగినవాడు ఇతరుల ఆపదను బయటినుండి చూచును. ఆ స్థానములన్నింట నిలిచి వచ్చినవాడు ఎవరికేమి కొరతయో ఎరుగును. మీటలను వెదకు శ్రమను మాక్రో తప్పించినందున, వాని చూపు మీటలపై గాక మనుష్యులపై నిలిచినది.

ఆట ముగిసిన పిదప ఆ క్రొత్తవాడు, “నాకును అట్టి మాక్రో కావలెను” అని వ్రాసెను. ఏ దేశమువాడో తెలియదు. తమ్ముడు తన మాక్రోను దాచుకొనక, అక్షరము పొల్లుపోకుండ వానికి పంపెను. పంపి, దాని క్రింద మరియొక వాక్యము చేర్చెను: “ఎవరిని ముందు చూడవలెనో ఇందులో లేదు, అది నీవే చూచుకొనవలెను.”