పద్దెనిమిదిన్నర చుట్లు

"మీ వాళ్లల్లో మంచి మెకానిక్ ఎవరో ఒకరు ఉండే ఉంటారుగా!"

వరంగల్లో పత్రికాఫీసులో చేరిన మొదటి ఏడు విన్న మాట ఇది. అన్నాయన చెడ్డవాడేం కాదు. బండి చెడిపోయింది. పక్క కుర్చీలో సాయిబు కనపడ్డాడు. అడిగాడు. "మాకెవరూ తెలీదండీ" అన్నాం. అబద్ధం. ఆఫీసుకు రెండు వీధుల అవతలే మా చోటే మామూ షెడ్డు. మా చిన్నప్పటి సెలవులన్నీ ఆ షెడ్డులోనే, నట్లు కిరసనాయిల్లో కడుగుతూ గడిచాయి.

మేం 'నేను' అనడం తక్కువ. ఇంట్లో 'హమ్' అంటూ పెరిగాం. తెలుగులోకొచ్చినా నోటికి 'మేం' అనే వస్తుంది. బళ్లో తెలుగు సారు "మీరెంతమందిరా?" అని నవ్వేవారు. ఆ రోజు ఆఫీసులో అబద్ధమాడింది ఒక్కళ్లమే. కానీ ఆ అబద్ధంలో మా ఇల్లంతా ఉంది.

పోయిన వానాకాలం మా పాత కారు ముందు భాగంలో కటకటమని చప్పుడు మొదలైంది. గుంటలో పడ్డప్పుడల్లా చప్పుడే. స్టీరింగ్ రెండు వేళ్లంత తిప్పినా చక్రం కదలట్లేదు. తిన్నగా పోనిస్తుంటే బండి తనంతట తనే ఎడమకి లాగుతోంది. ముందు టైర్ల అంచులు రంపం పెట్టినట్టు అరిగిపోయాయి. మామూ దగ్గరికే తీసుకెళ్లాం. ఆయనకిప్పుడు డెబ్భై దాటాయి. షెడ్డులో స్టూలు మీద కూచుంటాడు. పని తక్కువ.

"హాతాఁ కాంప్ రైఁ బేటా. పానా తుమ్ పకడో, మై బోల్తుఁ" అన్నాడు. వణికే చేతుల్ని మోకాళ్ల మధ్య పెట్టుకుని మమ్మల్ని పనిలో పెట్టాడు.

వెనక చక్రాలకు రాళ్లు పెట్టించాడు. జాకీతో లేపి, కింద స్టాండు పెట్టేదాకా బండి కిందికి చెయ్యి పోనివ్వలేదు. జాకీని నమ్మొద్దంటాడు. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపమన్నాడు. కదల్లేదు. గడియారంలో తొమ్మిదీ మూడూ ఉండే చోట పట్టి ఊపమన్నాడు. టక్ టక్‌మంది. "ఎండ్ గయా. అందర్ రాక్ ఎండ్ భీ దేఖో."

స్టీరింగ్ తిప్పితే లోపల పళ్ల కడ్డీ ఒకటి కుడికీ ఎడమకీ జరుగుతుంది. ఆ కడ్డీకీ చక్రానికీ నడుమ ఉండేదే టై రాడ్. దాని రెండు చివర్లా గిన్నెలో గోళీలాంటి కీళ్లు. గ్రీజు ఉన్నంత కాలం, పైన రబ్బరు బూటు చిరగనంత కాలం, గోళీ అన్ని వైపులా తిరుగుతుంది గానీ వదులు కాదు. రబ్బరు చిరిగిందా, నీళ్లూ మట్టీ చేరతాయి. ఇనుమును ఇనుమే తింటుంది. అప్పుడు మనం ఒక దిక్కు తిప్పుతుంటే చక్రం దాని ఇష్టం వచ్చిన దిక్కు చూస్తుంది. ఆ కీలు నడిరోడ్డు మీద ఊడిందంటే ఇక బండి మన చేతిలో లేనట్టే.

లాక్ నట్టు కొంచెం వదులు చేశాం. స్ప్లిట్ పిన్ను లాగేశాం, అది మళ్లీ వాడకూడదు. నట్టు విప్పి బోల్టు మీద సుత్తి ఎత్తితే మామూ కేకేశాడు. అక్కడ కొడితే మరలు చెడతాయట. బోల్టు దిగిన ఇనప చెవి మీద పక్క నుంచి కొట్టాలి. మూడో దెబ్బకు ఎండ్ కిందికి జారింది.

"అబ్ ఖోలో. గిన్‌తీ నక్కో భూలో."

ఎండ్‌ని రాడ్ మీంచి విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. కొత్తది అన్నే చుట్లు ఎక్కించాలి. లేకపోతే ఒక చక్రం ఇటు, ఒక చక్రం అటు చూస్తాయి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా చాలు, కొత్త టైరు కూడా అరిగిపోవడానికి. విప్పుతూ లెక్కపెట్టాం. "...సోలా, సత్రా, అఠారా, సాఢే అఠారా." చేతిలోకి వచ్చేసింది.

స్టూలు మీంచి ఇంకో గొంతు కూడా వినపడుతోంది. "...పదహారు, పదిహేడు, పద్దెనిమిది, అరచుట్టు."

మామూ తెలుగులో లెక్కపెడుతున్నాడు! మామూకి తెలుగు చదవడం రాదు. బస్సు బోర్డు మేం చదివి చెప్పాలి. మేమేమో డిగ్రీలో తెలుగు సాహిత్యం చదివినవాళ్లం. ఇరవై ఏళ్లుగా రోజూ తెలుగు రాసి బతుకుతున్నవాళ్లం. ఉర్దూవాడికి తెలుగెలా వచ్చిందని మెచ్చుకుంటే మురిసిపోయినవాళ్లం. చేతులు ఇనుములో ఉన్నప్పుడు మా నోటికొచ్చింది ఉర్దూ. ఆయన నోటికొచ్చింది తెలుగు.

"మామూ, తెలుగూ మే కైకూ గిన్ రైఁ?"

"ఉస్తాద్ ఐసాచ్ గిన్‌తే థే" అన్నాడు, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

ఆయన ఉస్తాద్ ఒక విశ్వబ్రాహ్మణ లేత్ మేస్త్రీ. పదేళ్ల వయసులో మామూని ఆయన దగ్గర పనికి పెట్టారు. అంకెలు పలక మీద కాదు, మరల మీద నేర్చుకున్నాడు. మనం మేస్త్రీ అంటాం, ఉర్దూలో మిస్త్రీ అంటారు. రెండూ పోర్చుగీసు మాట నుంచి వచ్చినవే. ఆ షెడ్డులో ఎవరూ దాన్ని మాది అనీ మీది అనీ పంచుకోలేదు.

మామూ తండ్రి, అంటే మా నానా, నిజాం రైల్వే వాళ్ల రోడ్డు రవాణా శాఖలో ఫిట్టరు. 1932లో 27 బస్సులతో, 166 మంది పనివాళ్లతో మొదలైన శాఖ అది. 1958లో ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీకి మూలం అదే. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయ్యాక నానా మళ్లీ డిపోకు పోలేదు. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. పానాల పెట్టె మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. అందులో పెద్ద పానా ఆ రోజు మా చేతిలో ఉంది.

2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చినప్పుడు ఆ వార్తను డెస్కులో తెలుగు చేసింది మేమే. ముస్లింలు ఎక్కువగా కనపడే పనుల వరుస ఒకటి ఉంది అందులో. మోటారు రిపేర్లు, రోడ్డు రవాణా, చిల్లర వ్యాపారం, పొగాకు పని, బట్టల పని... తర్జుమా చేస్తుంటే మా చుట్టాలందర్నీ పేరుపేరునా పిలుస్తున్నట్టుంది. అప్పుడూ పక్క కుర్చీవాళ్లకి ఒక్క మాట చెప్పలేదు. వార్త కింద మా పేరు లేదు. బతికిపోయాం అనుకున్నాం.

మా ఉనికి గురించి మేం చాలానే రాశాం. ఇల్లు అద్దెకివ్వనివాళ్ల గురించి రాశాం. క్రికెట్ మ్యాచ్ రోజు మా మొహాల్లోకి చూసేవాళ్ల గురించి రాశాం. పేరు వినగానే మాట మార్చేవాళ్ల గురించి రాశాం. అవన్నీ నిజాలే. కానీ మామూ గురించి ఒక్క వాక్యం రాయలేదు. ఆఫీసులో మా పేరు దాచలేదు, నమాజు దాచలేదు. దాచింది గ్రీజు చేతుల్ని. సాయిబంటే మెకానిక్కేనా అన్న కోపంలో, మెకానిక్ అయితే తప్పేంటన్న మాటే మర్చిపోయాం. మా అక్షరాల వెనక ఉన్న ఫీజు డబ్బులు ఆ షెడ్డువే.

బూటు బిగింపు తీసి లోపలి రాక్ ఎండ్ కూడా మార్చాం. రెండో వైపు బాగానే ఉంది కదా అంటే, అదీ అన్నేళ్లు తిరిగిందే కదా, దాన్నీ మార్చమన్నాడు. ఈసారి తెలుగులో లెక్కపెడదామనుకున్నాం. పట్టుదలగా ఒకటి, రెండు అంటూ మొదలుపెట్టాం. ఏడు దాటేసరికి ఉర్దూలోకి జారిపోయాం. లెక్క తప్పింది. ఆఖరికి మామూ లెక్కే వాడుకున్నాం.

కొత్త స్ప్లిట్ పిన్నులు పెట్టి కాళ్లు మడిచాక మామూ వంగి రెండు చక్రాల్నీ ఊపి చూశాడు. చప్పుడు లేదు. ఈ చుట్ల లెక్క అలైన్‌మెంట్ షాపు దాకా పోవడానికేనట. అసలు కొలత అక్కడ తేలాలి. మెల్లగా పొమ్మన్నాడు.

తెల్లారి ఆఫీసులో మా గోళ్లలో నలుపు చూసి ఒక కుర్ర సబ్ ఎడిటర్ అడిగాడు, ఏమైంది సార్ అని.

"మా మామూ షెడ్డులో పని చేశాం."

"మీ వాళ్లకి షెడ్డుందా సార్? ఎప్పట్నుంచి?"

"నలభై ఏళ్ల నుంచి. ఇక్కడే, రెండు వీధుల అవతల" అన్నాం.